దుబాసీ రాత్రి డ్యూటీ

మా ఊరి పేరు కార్పస్ క్రిస్టీ. క్రీస్తు శరీరం అని అర్థం.
శరీరం ఎవరిదన్నదే ఇక్కడ రోజూ తగువు.
గల్ఫు మీంచి ఉప్పుగాలి వచ్చి
నాలుగో అంతస్తు అద్దాలకు తెల్లగా పట్టేస్తుంది.
దాన్ని తుడవడానికి ఒకతను ఉన్నాడు.
నేను మాటలు మోస్తాను,
ఇంగ్లీషునుంచి స్పానిష్‌లోకి, మళ్ళీ వెనక్కి,
గంటకు ఇరవై రెండు డాలర్లు.

పదకొండో గదిలో ఎవుసేబియో. రొయ్యల పడవ మనిషి.
ఆదివారం వల బాగుచేస్తూ చేస్తూ
కుడిచేతిని మరిచిపోయాడు,
తర్వాత మాటని, తర్వాత మింగడాన్ని.
పన్నెండులో వెర్నా హోల్షర్. పత్తి రైతు భార్య.
ఆవిడకీ ఎడమ మెదడే, అంతే నెత్తురు.
రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి
పేర్లు చెరిపేస్తే
ఏది ఎవరిదో నాకు తెలీదు. డాక్టరుకీ తెలీదు.

వెర్నా తొమ్మిదేళ్ళ కిందటే
గొట్టాలు వద్దని టైపు చేయించి సంతకం పెట్టింది.
ఫ్రిజ్ తలుపుకి, కరెంటు బిల్లు పక్కన,
అయస్కాంతం కింద ఉండేదట ఆ కాయితం.
కూతురు తెచ్చింది. మూలన నూనె మరక.
అంతా కలిపి పావుగంట.
అక్కడ నాతో పనిలేదు,
గోడ పల్చన కాబట్టి విన్నాను.

ఎవుసేబియో గదిలో పద్నాలుగు మంది,
ఎక్కడెక్కడి కుర్చీలో లాక్కొచ్చుకుని.
పెద్దకూతురు ఓర్టెన్సియా, మనవడి జ్ఞానతండ్రి,
ఫాదరు దీవించిన నీళ్ళు సోడా సీసాలో తెచ్చిన మేనత్త.
కాయితం లేదు.
పడవమీద చావు మాట ఎత్తరు,
నీళ్ళకు చెవులుంటాయి.

డాక్టరు మంచివాడే. మిన్నెసోటా కుర్రాడు, కళ్ళకింద బాకీపడ్డ నిద్ర.
"ఆయనే మాట్లాడగలిగితే ఏం కావాలనేవాడు?" అన్నాడు.
స్పానిష్‌లోకి తిప్పాను.
పద్నాలుగు మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
"మాకేం కావాలో అదే కావాలనేవాడు" అంది ఓర్టెన్సియా.
తిప్పాను. డాక్టరు రాసుకోలేదు.
ఆ జవాబుకి అతని ఫారంలో గడి లేదు.

"అయితే చికిత్స ఆపుదామా?"

ఇక్కడ నా నాలుక ఆగింది.
ఆపడం అంటే మరని ఆపినట్టు.
తీసెయ్యడం అంటే నోటిదగ్గర కూడు తీసేసినట్టు.
వదిలెయ్యడం అంటే రోడ్డుమీద కుక్కని.
పోనివ్వడం. అది మెత్తటి మాట,
కానీ డాక్టరు అనలేదు దాన్ని.
ఒకటి కలపను, ఒకటి తియ్యను అని
ప్రమాణం చేశాను,
బ్యాడ్జి వెనక అచ్చేసి ఉంటుంది.

పందొమ్మిదేళ్ళప్పుడు, రాబ్స్‌టౌన్‌లో, మా నాన్న మంచం దగ్గర
జీతంలేని దుబాసీని నేనే.
వదిలెయ్యమంటున్నారు అన్నాను అమ్మతో.
అంతకన్నా మంచి మాట అప్పటికి నాకు రాదు.
అమ్మ వదల్లేదు. ఏడు నెలలు.
వీపు పుళ్ళకు మందు రాస్తూ నావైపు చూసేది,
ఆ మాట నాదే అన్నట్టు.

ఆపుదామా అనే అన్నాను.
మేనత్త సీసా మూత బిగించింది.
"దేవుడు ఆపుతాడు. ఈ అబ్బాయికెందుకు తొందర?"
తిప్పాను, తొందరతో సహా.
ఎవుసేబియో ఎడమచెయ్యి మటుకు
దుప్పటి అంచు పట్టుకుని
ముడి వేస్తోందో, విప్పుతోందో.

కిందికి దిగేసరికి రెండయింది.
వెర్నా కూతురు ట్రక్కులో కూర్చుని ఉంది,
ఇంజను ఆపి, లైట్లు ఆర్పకుండా.
అమ్మ సంతకం ప్రకారం నడుచుకున్న మనిషి.
అద్దం తట్టాను. దించింది.
"నేను చేసింది సరైందేనా?" అంది.
ఇంగ్లీషులో అడిగింది, నాకే అడిగింది,
ఎవరికోసమూ తిప్పక్కర్లేదు.
అయినా నోట్లో మాట నోట్లోనే.

"బ్యాటరీ అయిపోతుంది" అన్నాను.
లైట్లు ఆర్పింది.
ఇంటికి మాత్రం కదల్లేదు.